కొండ ముందు, మ్యూజియం తర్వాత

చిరంజీవి చిన్నికి, పెద్దమ్మ ఆశీస్సులు.

లండన్ నుంచి ఏథెన్స్‌కి ఒక్కదానివే వెళ్తున్నావని మీ అమ్మ టెన్షన్ పడుతోంది. నేనూ ఒక్కదాన్నే వెళ్లొచ్చానని గుర్తు చేశాను. నీకున్నది ఒక్క రోజేనన్నావు కాబట్టి దాన్ని అక్రోపోలిస్ కొండకీ, దాని కిందున్న మ్యూజియానికే ఇచ్చెయ్యి. నేషనల్ ఆర్కియలాజికల్ మ్యూజియం ఎంతో గొప్పది, కానీ దానికి విడిగా ఒక పూట కావాలి. ఈసారికి వదిలెయ్యి.

కొండ టికెట్‌కి టైమ్ స్లాట్ ఉంటుంది. పొద్దున 8 గంటలది ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కో. పైన నీడ లేదు. ఎండలు మరీ ముదిరితే మధ్యాహ్నం మూసేస్తుంటారు కూడా. పట్టున్న బూట్లు వేసుకో. లక్షల మంది నడిచి అక్కడి పాలరాయి నున్నబడిపోయింది, చెప్పులతో వెళ్లి నేను జారి మోకాలు కొట్టుకున్నాను. పెద్ద బ్యాగు పైకి తీసుకెళ్లనివ్వరు. నీళ్ల సీసా చాలు, కుళాయి నీళ్లే తాగొచ్చు. దారిలో నువ్వులద్దిన గుండ్రటి రొట్టె, కులూరి అంటారు, అది కొనుక్కుని తిని ఎక్కు. మెట్రోలో మాత్రం ఫోనూ పర్సూ జాగ్రత్త.

కొండ మీది పార్థెనాన్ క్రీ.పూ. 447లో మొదలుపెట్టి కట్టిన గుడి. ఫొటోలు అయ్యాక ఒక మూలకి వెళ్లి, వంగి, మెట్టు అంచు వెంబడి చూడు. తిన్నగా ఉందనుకున్న మెట్టు మధ్యలో పైకి ఉబ్బి కనిపిస్తుంది. పొడుగు వైపున దాదాపు 11 సెంటీమీటర్లు! కావాలనే అలా కట్టారు. 1687లో వెనిస్ సైన్యం ఫిరంగి గుండు పడి, లోపల తుర్కులు దాచిన మందుగుండు పేలడంతో ఆ గుడి నడుము విరిగింది. శతాబ్దాల తరబడి నిలిచింది ఒక్క దెబ్బకి అలా అయిందని నాకు ఇప్పటికీ బాధే.

పక్కనే ఎరెక్థియోన్ గుడి వసారాను తలల మీద మోస్తున్న ఆరుగురు స్త్రీలు ఉంటారు. అవి నకళ్లు. అసలైనవాటిలో ఐదు కింద మ్యూజియంలో ఉన్నాయి, అందుకే ముందు కొండెక్కి తర్వాత అక్కడికి వెళ్లమంటున్నాను. వాళ్ల చుట్టూ తిరిగి వెనక నుంచి చూడు. ఒక్కొక్కరికి ఒక్కో తీరు జడ! ఆ లావాటి జుట్టే సన్నని మెడకి బలం. ఆరో ఆవిడ చోటు ఖాళీగా ఉంచారు. ఎల్గిన్ అనే బ్రిటిష్ ప్రభువు మనుషులు తీసుకెళ్లిన ఆ బొమ్మ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

మ్యూజియం పై అంతస్తు గదికి చివర్లో వెళ్లు. అద్దాల్లోంచి కొండ మీది గుడి కనిపిస్తుంటుంది, ఈ గది కూడా అదే దిక్కుకి తిరిగి ఉంటుంది. గుడి చుట్టూ ఉండే శిల్పాల పట్టీలో తేనెరంగువి అసలు రాళ్లు, తెల్లనివి ఎక్కువగా లండన్‌లో ఉన్నవాటి ప్లాస్టర్ అచ్చులు. తొందరపెట్టేవాళ్లెవరూ ఉండరు, ఒక్కో రాయి ముందు నీకు తృప్తి కలిగేదాకా నిలబడు.

తిరిగెళ్లాక ఒక ఆదివారం బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లు. మన అమరావతి స్తూపం రాళ్లూ అక్కడే ఉన్నాయి, ముందు వాటిని చూడు. ఆ తర్వాత ఆరో ఆవిడ దగ్గరికి వెళ్లి, ఆవిడ జడ ఎలా ఉందో నాకు రాయి.

మీ పెద్దమ్మ