తీసినట్టుందా, తీసినట్టు ఉంటుందా?

సందేహం: '1917' సినిమా గురించి రాస్తూ ఒకరు "ఏకబిగిన తీసిన యుద్ధచిత్రం" అన్నారు. ఇంకొకరు "సింగిల్ టేక్‌లో తీసినట్టుంది" అన్నారు. రెండూ ఒకటేనా? అసలు 'ఏకబిగిన' సరైన మాటేనా?

సమాధానం: మాట సరైనదే. 'ఏక' సంస్కృతం, 'బిగి' తెలుగు. బిగి అంటే పట్టు, సడలనితనం. పట్టు వదలకుండా, మధ్యలో ఆగకుండా చేసే పనికి ఏకబిగిన అంటాం. రెండు భాషల పదాలు కలిశాయని దీన్ని తప్పుపట్టనక్కర్లేదు, జనం నోట ఎప్పుడో స్థిరపడిపోయింది.

చిక్కు 'తీసిన'తో వస్తుంది. ఏకబిగిన అనేది పని చేసేవాళ్ల గురించి చెప్పే మాట. 'ఏకబిగిన చదివాను' అంటే ఆగనిది నేను, పుస్తకం కాదు. అలాగే 'ఏకబిగిన తీసిన' అంటే కెమెరా ఆపకుండా తీశారనే అర్థం. శామ్ మెండిస్ 2019లో తీసిన ఈ సినిమాలో జరిగింది అది కాదు. చాలా షాట్లు విడివిడిగా తీసి, చీకట్లోకి దిగినప్పుడో, ఏదైనా అడ్డొచ్చినప్పుడో అతుకు తెలియకుండా కలిపారు. వాటిలో అతి పొడవైనది దాదాపు తొమ్మిది నిమిషాలు. కాబట్టి 'ఏకబిగిన సాగే చిత్రం' అనాలి. అదీ పూర్తిగా కుదరదు. కబురు మోసుకెళ్లే సైనికుడు స్పృహ తప్పినప్పుడు తెర నల్లబడుతుంది, మెలకువ వచ్చేసరికి రాత్రి. అక్కడ కథే తెగుతుంది.

ఇక 'తీసినట్టుంది'. నాకు ఎంతో ఇష్టమైన తేడా ఇక్కడ ఉంది. పొద్దున లేచి తడిసిన వాకిలి చూసి "రాత్రి వాన పడినట్టుంది" అంటాం. అది ఊహ, వాన నిజంగా పడిందనే నమ్మకం. పొయ్యి మీద పోపు చిటపటలు విని "వాన పడుతున్నట్టు ఉంటుంది" అంటే పోలిక. వాన లేదని మనకు తెలుసు. 'ఉంది', 'ఉంటుంది' మధ్య ఇంత దూరం ఉంది. "ఒకే షాట్‌లో తీసినట్టుంది" అని రాస్తే రచయిత అలాగే తీశారని అనుకుంటున్నట్టు. "తీసినట్టు ఉంటుంది" లేదా "తీసినట్టు కనిపిస్తుంది" అంటేనే అది కనికట్టని పాఠకుడికి తెలుస్తుంది. "తీసినట్టు చెబుతారు" అంటే మళ్లీ వేరు, అది విన్న మాట.

'సింగిల్ టేక్' కూడా ఇక్కడ నప్పదు. మన సినిమావాళ్లు "సింగిల్ టేక్‌లో ఓకే" అంటే మొదటిసారికే కుదిరిందని. ఎంతసేపు తీశారన్నది అందులో లేదు. కెమెరా ఆగకపోవడం చెప్పాలంటే 'సింగిల్ షాట్' అనాలి.

ఈ మాటలన్నీ ఎక్కడికక్కడ సరిపోయే సినిమా ఒకటుంది. రష్యన్ దర్శకుడు సొకురోవ్ తీసిన 'రష్యన్ ఆర్క్'. 2001 డిసెంబర్ 23న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో దాదాపు గంటన్నర పాటు కెమెరా ఆపకుండా తీశారు. అయితే ముందు చేసిన ప్రయత్నాలు మధ్యలోనే ఆగిపోయాయి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. దాన్ని ఏకబిగిన తీశారనవచ్చు, సింగిల్ షాట్ అనవచ్చు. సింగిల్ టేక్‌లో ఓకే అయిందని మాత్రం అనలేం.