ఇంజన్ పని చేయించాక కూడా లారీ ఆయిల్ తాగుతోంటే, మళ్ళీ దింపే ముందు

అన్నా, మీరు రాసింది చదువుతుంటే నా బండి సంగతే చదివినట్టుంది. ఇంజన్ పని చేయించి ఆరు వేల కిలోమీటర్లే అయింది, మూడొందల కిలోమీటర్లకి లీటరు ఆయిల్ పోస్తున్నారు, పొగ పెద్దగా లేదు, కింద కారడం లేదు, మెకానిక్కేమో ఇంజన్ మళ్ళీ దింపుదాం అంటున్నాడు. దయచేసి ఇప్పుడే దింపనివ్వకండి. పొగ లేదన్నారు చూడండి, ఆ ఒక్క మాట చూసే ఇంత రాస్తున్నా.

నాది టాటా 2518, కమ్మిన్స్ 5.9 లీటర్ల ఇంజన్, చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకి గ్రానైట్ తోలేవాణ్ణి. ఈ ఇంజన్‌కి కంపెనీ నుంచి లైనర్లు, అంటే విడిగా మార్చుకునే గొట్టాలు ఉండవు, పిస్టన్ ఆడే బోరు బ్లాకులోనే ఉంటుంది, అందుకని 0.5 ఎంఎం ఓవర్‌సైజుకి, అంటే అంత వెడల్పు పెంచి బోరు కొట్టించి కొత్త పిస్టన్లు, రింగులు వేయించా. షెడ్డు నుంచి బయటికొచ్చిన వారానికే ఆయిల్ తగ్గడం మొదలు. రింగులు ఇంకా సెట్ అవలేదు, తిరగనివ్వు అన్నాడు మెకానిక్. నాలుగు వేలు తిరిగాక వాల్వ్ సీల్స్, అంటే వాల్వుల పక్కనుంచి ఆయిల్ దిగకుండా ఆపేవి, పోయాయన్నాడు, హెడ్డు దింపి గైడ్లు, సీల్స్ మార్చాం, తేడా లేదు. తర్వాత ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో అన్నాడు, అదీ రిపేరు చేయించా, అయినా అంతే. రెండు నెలలు బండి కిస్తీ చేతిలోంచి కట్టుకున్నా.

అప్పుడు పోర్టు దగ్గర లైన్లో ఉండగా ఒక పెద్దాయన, పాత డ్రైవరు, ఎయిర్ ట్యాంకులు డ్రైన్ చేసి చూశావా అని అడిగాడు. కింద డ్రైన్ తిప్పితే నల్లగా చిక్కగా ఆయిల్, అర లీటరు పైనే వచ్చింది. నిజంగా ఏడుపొచ్చింది. బ్రేకులకి గాలి కొట్టే కంప్రెసర్‌కి కూడా ఇంజన్ ఆయిలే వెళ్తుంది, దానికీ పిస్టన్, రింగులు ఉంటాయి, అవి అరిగితే ఆయిల్ గాలితో పాటు ట్యాంకుల్లోకి పోతుంది. అక్కడ మండదు కాబట్టి సైలెన్సర్‌లో పొగ రాదు. ఇంజన్ మొత్తం కొత్తగా చేయించి కంప్రెసర్‌ని మాత్రం తుడిచి పాతదే బిగించేశారు. పైగా ఆ ఆయిల్ బ్రేకు వాల్వుల్లోకి వెళ్తే లోపలి రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి, కాబట్టి ఇది ఆయిల్ ఖర్చుతో పోయేది కాదు, లోడు బండికి ప్రాణాల సంగతి.

మీరూ ముందు అదే చేయండి. చక్రాలకి రెండు వైపులా అడ్డం పెట్టి ట్యాంకులన్నీ డ్రైన్ చేయండి. కాస్త నీళ్ళు, నూనె జిడ్డు రావడం మామూలే, ఆయిల్ ధారగా వస్తే మామూలు కాదు. ఇంకా అనుమానం ఉంటే కంప్రెసర్ నుంచి ట్యాంకుకెళ్ళే పైపు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు విప్పి, ఎదురుగా తెల్లగుడ్డ పట్టి కొద్దిసేపు నడిపితే మరకలోనే తెలిసిపోతుంది.

దీంతో పాటు ఒక లెక్క పెట్టుకోండి, ఎందుకంటే చాలామంది కొలవకుండానే తాగుతోంది తాగుతోంది అంటారు. పొద్దున్నే స్టార్ట్ చేయకముందు, ఎప్పుడూ ఒకే చదునైన చోట డిప్‌స్టిక్ చూసి, పై గీత వరకు కొలిచి పోసి, వెయ్యి కిలోమీటర్లు రాసుకోండి. నేను డీజిల్‌తో పోల్చి చూస్తా: నాలుగు కిలోమీటర్ల మైలేజీ అయితే వెయ్యికి 250 లీటర్ల డీజిల్, అందులో అర శాతం అంటే లీటరుంబావు, అంతవరకు నేను కంగారు పడను. మీది వెయ్యికి మూడు లీటర్ల పైనే, కాబట్టి లోపం ఉన్నట్టే. పనిలో సంపు (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) గానీ డిప్‌స్టిక్ గానీ మారిందేమో కూడా అడగండి, గీత తప్పయితే ఆయిల్ ఎక్కువైపోయి క్రాంకు కొట్టే చిమ్ముకే కొంత పోతుంది.

కంప్రెసర్ బాగుంటే అప్పుడు ఇంజన్ వైపు రండి. ఇలాంటి డీజిల్ ఇంజన్‌లో పెట్రోల్ దాంట్లోలా గాలిని అడ్డుకునే థ్రాటిల్ ఉండదు, అందుకని వాల్వుల పక్కనుంచి ఆయిల్‌ని లోపలికి అంత గట్టిగా లాగదు, అందుకే వాల్వ్ సీల్స్ మీదకి మొదటే వెళ్ళడం నాకు నచ్చదు. టర్బో గొట్టాల్లో పల్చటి జిడ్డు ఉంటే ఫరవాలేదు, ఇంటర్‌కూలర్ పైపు విప్పితే ఆయిల్ మడుగు కడితేనే అనుమానించాలి, అప్పుడు కూడా ముందు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, టర్బో నుంచి సంపుకి దిగే పైపు అడ్డుపడిందా చూడాలి, లేకపోతే కొత్త టర్బో వేసినా అదే కథ. ఆయిల్ పోసే మూత తీసి తిరగేసి పెట్టి ఐడిలింగ్‌లో చూడండి, మూత ఎగిరిపడుతుంటే రింగుల పక్కనుంచి గాలి బాగా దిగుతోందని అర్థం. కంప్రెషన్ బాగుంది కాబట్టి రింగులు ఓకే అని ఎవరన్నా అంటే నమ్మకండి, కంప్రెషన్ పట్టేది పై రింగులు, ఆయిల్ గీకేది కింది ఆయిల్ రింగు, అది దెబ్బతిన్నా గేజీలో తెలీదు.

నా బండికి కంప్రెసర్ చేయించాక 300 నుంచి 650 కిలోమీటర్లకి లీటరు అయింది, హమ్మయ్య అనుకున్నా. కానీ ఇరవై వేలు తిరిగేసరికి మళ్ళీ నాలుగొందలకి దిగింది, ఈసారి లోడు మీద నీలం పొగ కూడా. హెడ్డు విప్పి పిస్టన్లు తీస్తే బోర్లలో నిలువు గీతలు, హానింగ్ గీతలు (ఆయిల్ నిలవడానికి బోరు గోడ మీద రాయితో గీసే అడ్డగీతలు) చాలా చోట్ల మాయం, రింగులు అరిగి గ్యాపు బాగా పెరిగింది. ఎయిర్ క్లీనర్ గొట్టం ఎక్కడా చిరగలేదు, అంటే లోపలికి దుమ్ము పోలేదు. వేరే మిస్త్రీ చూసి, హానింగ్ అయ్యాక బ్లాకు దేంతో కడిగారు అని అడిగాడు. డీజిల్‌తో, నేను పక్కనే ఉండి చూశా. హానింగ్ రాయి పొడి బోరు గీతల్లో ఇరుక్కుంటుంది, డీజిల్‌కి అది ఊడి రాదు, అలాగే బిగిస్తే రింగుల్ని ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. రెండోసారి 1 ఎంఎం ఓవర్‌సైజుకి వెళ్ళాల్సొచ్చింది. ఈసారి వేడి నీళ్ళు, సర్ఫు, బ్రష్షుతో నేనే దగ్గరుండి కడిగించా, ఆయిల్ అద్దిన తెల్లగుడ్డతో బోరు తుడిస్తే గుడ్డ తెల్లగానే వచ్చేదాకా వదల్లేదు, వెంటనే తుప్పు పట్టకుండా ఆయిల్ రాయించా. బయటికొచ్చాక ఐడిలింగ్‌లో గంటలు గంటలు వదలకుండా మధ్యస్తం లోడుతో తిప్పా, ఎందుకంటే లోడు లేకుండా నడిపితే రింగులు గోడకి సరిగ్గా ఆనవు, బోరు అద్దంలా నునుపెక్కిపోతుంది. ఇప్పుడు నలభై వేలు దాటింది, వెయ్యి కిలోమీటర్లకి ముప్పావు లీటరు పోస్తున్నా.

మీ బండి ఏ మోడలు, పని చేసినప్పుడు కంప్రెసర్ ముట్టుకున్నారా లేదా, ట్యాంకు డ్రైన్ చేస్తే ఏమొచ్చింది, ఈ మూడూ రాయండి. అవి తెలిసేదాకా మాత్రం ఇంజన్ బోల్టు ఒక్కటి కూడా విప్పనివ్వకండి.