గడ్చిరోలి రోడ్ల మీద మైన్ ట్యాంకు ఎందుకు నడపరు?

మందుపాతరలు తీయడానికి ముందు నాగలి కట్టిన ట్యాంకు వీడియో చూశానని, అలాంటిది మన గడ్చిరోలి జిల్లా సిరోంచ, అహేరి రోడ్ల మీద ముందు నడిపిస్తే మందుపాతరల బాధ పోతుంది కదా అని ఒకరు నన్ను అడిగారు. మాది సిరోంచే. సైన్యంలో ఇంజినీర్ల దళమైన బాంబే సాపర్స్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఆ ట్యాంకుల వెనకాల నడిచినవాణ్ణి. అందుకే రాస్తున్నాను.

ఆ ట్యాంకు ఎదుర్కొనే మైను, అంటే మందుపాతర, వేరు, మన రోడ్డు కింద ఉండేది వేరు. సైన్యం పాతే ట్యాంకు మైను జానెడు లోతు కూడా ఉండదు. పైన బరువు పడితే పేలుతుంది. నాగలి దాన్ని మట్టితో సహా పెళ్లగించి పక్కకు నెడుతుంది. నాగలి బదులు ముందు బరువైన రోలర్ కడితే, అది తొక్కి పేల్చేస్తుంది. 1942లో ఈజిప్టులోని ఎల్ అలమైన్ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు తిరిగే ఇరుసుకు గొలుసులు కట్టి, నేలను బాదుతూ వెళ్లే మటిల్డా ట్యాంకులు దించారు. 2020లో మన రక్షణ శాఖ టీ-90 ట్యాంకుల కోసం 1,512 నాగళ్లకు ప్రభుత్వ రంగ కంపెనీ బీఈఎంఎల్‌తో ఒప్పందం చేసుకుంది.

అయితే నాగలి శుభ్రం చేసేది చైన్ల కిందొచ్చే రెండు చాళ్లే. మధ్యలో నేల అలాగే ఉంటుంది. రాజస్థాన్ ఇసుకలో యుద్ధ ఎక్సర్‌సైజ్ చేసినప్పుడు ట్యాంకు పోయాక దారికి జెండాలు పాతుకుంటూ వెళ్లేది మేమే. అవి డమ్మీ మైనులే, అయినా ప్రతి అడుగుకీ టెన్షన్. యుద్ధంలో వెనక ట్యాంకులు దాటడానికి ఒక సందు దొరికితే చాలు. ఊరికి ఒక సందు సరిపోదు కదా.

అది నాకు అర్థమైంది పాకిస్థాన్ సరిహద్దుకు సైన్యాన్ని తరలించిన ఆపరేషన్ పరాక్రమ్ తర్వాత. 2001 డిసెంబరు నుంచి సరిహద్దు పొలాల్లో పాతిన మైనులను సైన్యం వెనక్కి వచ్చేటప్పుడు తీయాల్సి వచ్చింది. బోర్లా పడుకుని ప్రాడర్‌ను, అంటే నేలలో గుచ్చి చూసే పుల్లను, ఏటవాలుగా గుచ్చుతూ జానా బెత్తా చొప్పున జరిగేవాళ్లం. గాలికి ఇసుక కదిలితే మ్యాపులో గీసిన చోట మైను ఉండదు. ప్లాస్టిక్ మైను డిటెక్టరుకు సరిగ్గా చిక్కదు. మా సెక్షన్‌లో ఒక తమ్ముడి పాదం పోయింది. వాడికి అప్పటికి పెళ్లై ఏడాది కూడా కాలేదు. గట్టు మీద రైతులు రోజూ వచ్చి నిలబడి, ఎప్పుడు దున్నుకోమంటారు బాబూ అని అడిగేవాళ్లు.

ఇక మన రోడ్లు. ఇక్కడ మావోయిస్టులు పెట్టే మందుపాతర కల్వర్టు కిందో, తారు కింద లోతుగానో ఉంటుంది. దాని వైరు చెట్లలోకి పోతుంది, అక్కడ కూర్చున్న మనిషి బటన్ నొక్కితేనే పేలుతుంది. బరువుతో పనే లేదు. రోలర్‌ను పోనిచ్చి వెనక జీపు వచ్చాక నొక్కుతాడు. నాగలికి అంత లోతు అందదు, పైగా తారు రోడ్డంతా పెళ్లగిస్తుంది. 2019 మే 1న కురఖేడా దగ్గర జాంభూల్‌ఖేడాలో ఒక్క పేలుడుకి 15 మంది పోలీసులు, డ్రైవరు పోయారు.

అందుకే పోలీసులు డిటెక్టర్లు పట్టుకుని నడుచుకుంటూ వస్తారు. ఒక్కో కల్వర్టు కిందికి దిగి చూస్తారు, రోడ్డుకు రెండు వైపులా చెట్లలో వైరు కోసం వెతుకుతారు. ఆ పని ట్యాంకు చేయలేదు. దారిలో మిమ్మల్ని ఆపితే దయచేసి విసుక్కోకండి. కల్వర్టు దగ్గర కొత్తగా తవ్విన మట్టి గానీ, గడ్డిలో వైరు గానీ కనిపిస్తే ముట్టుకోకండి, లాగకండి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లి 112కి ఫోన్ చేయండి. పిల్లలకు కూడా ఈ మాట చెప్పి పెట్టండి.