యానాం పూర్వీకుల జనన, వివాహ రికార్డులు ఎక్కడ వెతకాలి?

ముత్తాతది యానాం అని తెలిస్తే ముందు ఫ్రెంచివాళ్ల రిజిస్టర్లు చూడండి. 1954 దాకా అక్కడ పాలన వాళ్లదే. ఆ ప్రతులు ఫ్రాన్స్‌లో ఎక్స్-ఆన్-ప్రోవాన్స్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పాతవి ఆన్‌లైన్‌లో ఉచితంగా, ఏడాదివారీగా చూడొచ్చు. పెళ్లి నమోదు దొరికితే పంట పండినట్టే, ఎందుకంటే అందులో వధూవరుల తల్లిదండ్రుల పేర్లు కూడా రాస్తారు. తలనొప్పల్లా స్పెల్లింగుతోనే. ఫ్రెంచిలో సుబ్బయ్యలోని 'సు'కి ఎస్, ఓ, యు అని మూడక్షరాలు పడతాయి. ఒక్క స్పెల్లింగుతో వెతికి వదిలేయకండి.

ఇంకో మాట. 1930లో బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం అమల్లోకి వచ్చాక, అలాంటి పెళ్లిళ్ల కోసం గోదావరి జిల్లాలవాళ్లు ఆ చట్టం వర్తించని యానాం పరిగెత్తేవారు. కాబట్టి పెళ్లి అక్కడ జరిగినంత మాత్రాన మీవాళ్ల సొంతూరు యానామే కానక్కర్లేదు.