అభిమాన రచయిత్రి మరణించాక ఆమె నవలలను స్కాన్ చేసి అందరికీ పంచవచ్చా?

పంచకూడదు, భారత కాపీరైట్ చట్టం ప్రకారం, రచయిత మరణించిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి లెక్కించి 60 ఏళ్లు నిండేదాకా నవలపై హక్కులు వారసులకో, రచయిత రాసి ఇచ్చినవారికో చెందుతాయి.

రచన కూడా ఇల్లూ పొలమూ వంటి ఆస్తే కాబట్టి వీలునామా ద్వారానో వారసత్వంగానో సంక్రమిస్తుంది, అయితే దానికి గడువు ఉంటుంది. మొదట 50 ఏళ్లుగా ఉన్న ఆ గడువును, 1941లో మరణించిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనలపై హక్కులు 1991తో ముగిసిపోనున్న తరుణంలో, 60కి పెంచారు.

ఉదాహరణకు, యద్దనపూడి సులోచనారాణి 2018 మే నెలలో మరణించారు. ఆమె నవల ఏ దశకంలో అచ్చయిందన్న దానితో నిమిత్తం లేకుండా, 2078 డిసెంబరు 31 వరకు హక్కులు కొనసాగుతాయి.

పుస్తకం మార్కెట్లో దొరకడం లేదు, పైగా మనం డబ్బు తీసుకోవడం లేదు కనుక తప్పేమీ కాదన్నది చాలామందిలో ఉన్న అపోహ. మరణవార్త తెలిసిన రాత్రే, వారపత్రికల నుంచి చింపి బైండు చేయించుకున్న సీరియల్ కాగితాలను, పసుపుబారిన అంచులతో సహా, ఫోనులో ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవారి అభిమానాన్ని శంకించనక్కర్లేదు. కానీ అనుమతి లేకుండా ప్రతులు తీసి పంచడమే ఉల్లంఘన, ధర తీసుకున్నారా లేదా అన్నది తరువాతి మాట. మన దగ్గరున్న పుస్తకాన్ని మరొకరికి చదవడానికి ఇవ్వడానికీ, పాత పుస్తకాల దుకాణంలో అమ్మడానికీ, సమీక్షలో కొన్ని వాక్యాలు ఉటంకించడానికీ మాత్రం ఎవరి అనుమతీ అవసరం లేదు.