ఆటలో అరటిపండుగా మిగిలిన పిల్లవాడికి ఏ సీరియల్ చూపించాలి?

అమెరికాకు వచ్చి ఏడాది అయినా తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అబ్బాయి బడిలో ఎవరితోనూ కలవడం లేదని, మధ్యాహ్నం ఒక్కడే కూర్చుని తింటున్నాడని, ఇలాంటి పిల్లల గురించి వచ్చిన సీరియళ్ళలో ఏదైనా చూపిస్తే వాడికి కాస్త ధైర్యం వస్తుందేమో చెప్పమని అడిగారు. ఆ వయసులో ఆ బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్నవాణ్ణి కాబట్టి నా అనుభవం నుంచే జవాబు రాస్తున్నాను. నా మాటగా ఒక్క పేరే చెప్పమంటే 'ఫ్రీక్స్ అండ్ గీక్స్' అంటాను. ఎందుకో వివరంగా చెబుతాను.

2003 ఆగస్టులో, పద్నాలుగేళ్ళ వయసులో, తెనాలి దగ్గరి మా ఊరి నుంచి మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ శివారుకు వచ్చాను. బడిలో ఇచ్చిన లాకరు తాళాన్ని కుడికీ ఎడమకీ మళ్ళీ కుడికీ లెక్క ప్రకారం తిప్పి తీయడం రాక, ఎవరినైనా అడగడానికి నోరు రాక, మొదటి రెండు వారాలు పుస్తకాలన్నీ వీపున మోసుకుని తిరిగాను. అన్నిటికంటే బాధపెట్టింది మాత్రం జిమ్ క్లాసు. సాఫ్ట్‌బాల్ ఆటకు ఇద్దరు నాయకులు నిలబడి ఒక్కొక్కరినే పిలుచుకుంటూ పోతే చివరికి నేను మిగిలేవాణ్ణి. నన్ను ఎవరూ పిలిచేవారు కాదు, మిగిలిన జట్టులోకి నేనే నడిచి వెళ్ళేవాణ్ణి. మా ఊళ్ళో చెరువు గట్టు పక్కన సాయంత్రాలు ఆడే క్రికెట్‌లో జట్లు పంచేవాణ్ణి నేనే కావడం వల్ల ఆ నడక నాకు మరీ కష్టంగా ఉండేది. ఇంటికి వచ్చాక అమ్మ అడిగితే "బాగానే ఉంది" అని చెప్పేవాణ్ణి. మీ అబ్బాయి కూడా మీకు అదే చెబుతుండవచ్చు.

మరుసటి ఏడాది చలికాలంలో మిషిగన్‌లో మేమున్న ఊరి పబ్లిక్ లైబ్రరీలో ఈ సీరియల్ డీవీడీల పెట్టె కనిపించింది. కథ మిషిగన్‌లోనే జరుగుతుందని అట్ట మీద చదివి తీసుకున్నాను తప్ప దాని గురించి నాకేమీ తెలియదు. తరువాత తెలుసుకున్నదేమిటంటే, దీన్ని సృష్టించిన పాల్ ఫీగ్ డెట్రాయిట్ శివార్లలోనే పెరిగినవాడు. నిర్మాతల్లో ముఖ్యుడు జడ్ ఆపటౌ. 1999 సెప్టెంబరులో ఎన్‌బీసీ చానల్లో మొదలై, తీసిన 18 భాగాలూ ప్రసారం కాకముందే ఆగిపోయింది. అందులో వినిపించే అసలు పాటల హక్కులన్నీ సంపాదించవలసి రావడంతో డీవీడీలు 2004లో గానీ రాలేదు. ఆ ఆలస్యమే లేకపోతే అది నా చేతికి సరిగ్గా ఆ చలికాలంలో వచ్చి ఉండేది కాదు.

కథాకాలం 1980-81 విద్యా సంవత్సరం. లెక్కల పోటీ జట్టులో మెరిసిన లిండ్సీ వియర్ అనే అమ్మాయి, బామ్మ చనిపోయే క్షణంలో పక్కనే ఉండి, ఆ తరువాత దేని మీదా నమ్మకం నిలవక, చదువు పట్టని పిల్లల గుంపులో చేరుతుంది. ఆమె తమ్ముడు సామ్, అతని స్నేహితులు నీల్, బిల్ బడిలో అందరి చేతా ఏడిపించబడే చిన్న జట్టు. లావు కళ్ళద్దాల బిల్‌ను నేను నా సొంత మనిషిలా ప్రేమించాను. ఒక భాగంలో, ఆటల్లో ఎప్పుడూ తనను చివరికి మిగల్చడం సహించలేక బిల్ కోచ్‌కు పేరు చెప్పకుండా ఫోన్ చేసి మనసులోని కోపమంతా కక్కేస్తాడు. తరువాత ఒక రోజు జట్లు ఎంచుకునే అవకాశం అతనికే వస్తుంది, మైదానంలో ఒక క్యాచ్ పడతాడు. ఆ క్యాచ్‌తో అతను ఆటగాడైపోడు. మరునాడు కూడా అదే కళ్ళద్దాల బిల్‌గానే బడికి వస్తాడు. నాకు నచ్చింది అదే. కళ్ళద్దాలు తీసి, జుట్టు సరిచేసి, చివరి భాగానికల్లా బడి మొత్తానికి హీరోని చేసే కథలు చాలానే ఉన్నాయి. అలాంటివి చూసిన రాత్రి సంతోషంగా ఉంటుంది గానీ, మారలేని పిల్లవాడికి తెల్లవారాక తనదే తప్పన్న భావం మిగులుతుంది.

అయితే ఈ సీరియల్‌ను మిగతావాటి కంటే ఎత్తున నిలబెట్టేది మరొకటుంది. బయట మిగిలిన పిల్లలు కూడా ఇతరులను గాయపరుస్తారన్న సంగతిని అది దాచదు. మొదటి భాగంలోనే ఎలై అనే మానసిక వైకల్యం ఉన్న అబ్బాయిని కొందరు స్నేహితుల్లా నటిస్తూ ఎగతాళి చేస్తుంటే లిండ్సీ అడ్డుపడుతుంది. అడ్డుపడిన ఆవేశంలో ఆమె నోటి నుంచే అతణ్ణి మందబుద్ధి అనే మాట దొర్లుతుంది. అతను ఆమె మీద కోపంతో పరిగెత్తి, పడి చెయ్యి విరగ్గొట్టుకుంటాడు. మంచి చేయబోయిన మనిషే అందరికంటే లోతైన గాయం చేసింది. వేరొక భాగంలో, రోజూ వీళ్ళను వేధించే ఆలన్ అనే అబ్బాయి, వేరుశనగ పడదని బిల్ చెప్పినా నమ్మక, అతని శాండ్‌విచ్‌లో వేరుశనగ పెడతాడు. బిల్ ఆసుపత్రి పాలవుతాడు. కదలకుండా పడుకుని ఉన్న బిల్ మంచం పక్కన ఆలన్ ఒంటరిగా నిలబడి, తనకూ వీళ్ళతో స్నేహం చేయాలని ఉండేదని ఒప్పుకుంటాడు.

ఆ దృశ్యం చూసి నేను డీవీడీ ఆపేశాను. మా ఊళ్ళో మా వీధి చివరి ఇంట్లో కాలు కొంచెం ఈడ్చి నడిచే ఒక అబ్బాయి ఉండేవాడు. జట్లు పంచేటప్పుడు అతణ్ణి ఏ జట్టులోనూ వేయకుండా "నువ్వు ఆటలో అరటిపండువిరా" అని నేనే అనేవాణ్ణి. అతను రెండు జట్లకూ బంతులు ఏరి ఇచ్చేవాడు, అతని పరుగులు లెక్కలోకి వచ్చేవి కావు. అది దయ అని నేను నిజంగా అనుకున్నాను. మిషిగన్ జిమ్‌లో చివరికి మిగిలి నడిచిన నడకను, అతను మూడేళ్ళపాటు ప్రతి సాయంత్రం నా మాట మీద నడిచాడన్న సంగతి నాకు ఆ రాత్రి తెలిసింది. 2006 వేసవిలో ఊరికి వెళ్ళినప్పుడు వాళ్ళింటికి వెళ్ళాను. క్షమించమని అడగడానికి గొంతు పెగల్లేదు. అతను పెరట్లో జామకాయలు కోసి ఇచ్చాడు, ఇద్దరం అరుగు మీద కూర్చుని తిన్నాం.

మిగతా సీరియళ్ళ గురించి క్లుప్తంగా చెబుతాను. 1994-95లో వచ్చిన 'మై సో కాల్డ్ లైఫ్' 19 భాగాలే అయినా, అందులో ఇంటి నుంచి గెంటివేయబడిన రికీ అనే స్వలింగ ప్రేమికుడైన కుర్రాడిని ఇంగ్లీషు మాస్టారు తన ఇంటికి తీసుకువెళ్ళే కథ ఎవరినైనా కదిలిస్తుంది. మన కుటుంబాలు ముందుగా చూసేది మాత్రం 2020 నుంచి 2023 వరకు నాలుగు సీజన్లుగా వచ్చిన 'నెవర్ హావ్ ఐ ఎవర్'. కాలిఫోర్నియాలోని తమిళ కుటుంబం కథ కనుక ఇంటి వాతావరణం మనకు దగ్గరగా అనిపిస్తుంది. అబ్బాయిల గురించి కథానాయిక దేవి పడే తహతహ నాకు విసుగనిపించింది గానీ, తండ్రిని పోగొట్టుకున్న ఆ పిల్ల దుఃఖం, ఆమె మానసిక వైద్యురాలి దగ్గర కూర్చుని మాట్లాడే సన్నివేశాలు చాలా నిజాయితీగా ఉన్నాయి. మనసు బాగోలేకపోతే వైద్యుల దగ్గరకు వెళ్ళడం సిగ్గుపడవలసిన పని కాదని మన ఇళ్ళలో చెప్పడానికి అదొక మంచి వంక.

ఏది చూపించినా ముందు మీరు చూడండి. 'ఫ్రీక్స్ అండ్ గీక్స్'లో గంజాయి, మద్యం ప్రస్తావనలు ఉన్నాయి. "చూడు, వీడు అచ్చం నీలాగే ఉన్నాడు" అని మాత్రం అనకండి. ఆ మాటతో పిల్లవాడు తలుపు వేసుకుంటాడు. సీరియల్ స్నేహితులను తెచ్చిపెట్టదని కూడా గుర్తుంచుకోండి. నాకు మొదటి స్నేహితుడు దొరికింది, బడిలోని కౌన్సెలర్ నన్ను నాటకాల బృందంలో దీపాలు అమర్చే పనికి పంపినప్పుడు. ఎవరైనా మీ అబ్బాయిని వేధిస్తున్నారని అనుమానం ఉంటే సీరియల్ సంగతి తరువాత, ముందు బడికి వెళ్ళి మాట్లాడండి.

వాడు చూస్తున్నప్పుడు మీరు పక్కన కూర్చోండి. అలా కూర్చోవడం అంటే ఏమిటో మా అమ్మను చూసి నేర్చుకున్నదే చెబుతాను. బిల్ బడి నుంచి వచ్చి, ఎవరూ లేని ఇంట్లో జున్ను రొట్టె కాల్చుకుని, కేకూ పాలూ ముందు పెట్టుకుని, టీవీలో హాస్యగాణ్ణి చూస్తూ ఒక్కడే పడిపడి నవ్వే దృశ్యం ఒకటుంది. నేను అది చూస్తున్నప్పుడు అమ్మ సోఫా పక్కన చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది. ఇంగ్లీషు ఆమెకు అంతగా తెలియదు, ఆ దృశ్యంలో తెలియవలసిన అవసరమూ లేదు. కాసేపు చూసి, "ఆ పిల్లాడి తల్లి ఎన్నింటికి వస్తుందిరా?" అని అడిగింది. పనికి వెళ్ళిందని, ఆలస్యంగా వస్తుందని చెప్పాను. ఇంకో నాలుగు కాయలు ఒలిచాక, నా వైపు చూడకుండానే, "నువ్వు బడిలో ఎవరితో కూర్చుని తింటున్నావు?" అంది. ఆ రోజు మొదటిసారి నిజం చెప్పాను.