ఆరు పడ్డాయి, పద్దెనిమిది తప్పాయి... కప్పు మాత్రం వచ్చింది

ప్రశ్న: 2010 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్‌లో చివరిదైన ఏడో మ్యాచ్ స్కోరు పట్టిక చూశాను. లేకర్స్ 83, సెల్టిక్స్ 79. లేకర్స్ షాట్లలో పడినవి 32.5 శాతమే, సెల్టిక్స్‌వి 40.8 శాతం. లేకర్స్ ఆటగాడు కోబీ బ్రయంట్ పేరు ఎదురుగా 6-24 (24 షాట్లలో 6 పడ్డాయి) అని ఉంది. ఇంత గురి తప్పిన జట్టు ఎలా గెలిచింది?

జవాబు: శాతాన్ని కాసేపు పక్కనపెట్టి, అది ఏ అంకెల నుంచి వచ్చిందో చూడండి. లేకర్స్ 83 షాట్లు వేస్తే 27 పడ్డాయి. సెల్టిక్స్ 71 వేస్తే 29 పడ్డాయి. అంటే ఎక్కువ తప్పినా, లేకర్స్‌కు 12 షాట్లు అదనంగా దొరికాయి. అవి ఎక్కడివి? రీబౌండ్ల (తప్పిన షాట్ తర్వాత బంతిని పట్టుకోవడం) గడిలో ఉంది జవాబు. మొత్తం రీబౌండ్లు 53-40 అని చూసి ఆగిపోకండి, ఆఫెన్సివ్ రీబౌండ్లు (తమ జట్టు తప్పిన షాట్‌నే మళ్లీ పట్టినవి) విడిగా చూడండి: లేకర్స్ 23, సెల్టిక్స్ 8.

లేకర్స్ తప్పిన బంతుల్లో రీబౌండ్లుగా నమోదైనవి 55. వాటిలో 32 సెల్టిక్స్ చేతికి వెళ్లాయి, 23 మళ్లీ లేకర్స్‌కే వచ్చాయి. అంటే దాదాపు 42 శాతం. అదే లెక్క సెల్టిక్స్‌కు వేస్తే 38లో 8, అంటే 21 శాతం. లేకర్స్ ఆటగాడు పావ్ గాసోల్ ఒక్కడే 18 రీబౌండ్లు పట్టాడు, అందులో 9 ఆఫెన్సివ్‌వి. సెల్టిక్స్ జట్టంతా కలిసి పట్టినవాటి కన్నా ఒకటి ఎక్కువ! ఈ పట్టిక మొత్తంలో అన్నిటికన్నా విలువైన గడి మా లెక్కలో అదే. ఆరో మ్యాచ్‌లో మోకాలు దెబ్బతిని సెల్టిక్స్ సెంటర్ (రింగు దగ్గర ఆడే ఆటగాడు) కెండ్రిక్ పెర్కిన్స్ ఏడో మ్యాచ్‌కు దూరమయ్యాడు. రింగు కింద అడ్డంగా నిలబడి, ప్రత్యర్థిని బంతి దగ్గరికి రానివ్వకుండా బాక్స్ అవుట్ చేసే మనిషి లేని లోటు ఆ 23లో కనిపిస్తుంది.

మిగిలింది ఫ్రీ త్రోలు, అంటే ఫౌల్ జరిగినప్పుడు ఎవరూ అడ్డుకోకుండా వేసే, ఒక్కో పాయింటు షాట్లు. లేకర్స్‌కు 37లో 25 పడ్డాయి, సెల్టిక్స్‌కు 17లో 15. శాతంలో మళ్లీ సెల్టిక్సే మెరుగు. కానీ ఆటలో వేసిన షాట్ల మీద సెల్టిక్స్‌కు 64, లేకర్స్‌కు 58 పాయింట్లు వచ్చాయి. అక్కడ ఆరు వెనకబడిన లేకర్స్, ఫ్రీ త్రోల మీద పది ముందుకెళ్లింది. తేడా నాలుగు. మ్యాచ్ తేడా కూడా అంతే.

ప్రశ్న: 27 షాట్లు, 4 త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు), 25 ఫ్రీ త్రోలు కలిపితే నాకు 91 వస్తోంది. పట్టిక తప్పా?

జవాబు: పట్టిక సరైనదే. ఫీల్డ్ గోల్స్ (ఫ్రీ త్రోలు కాక ఆటలో పడిన షాట్లు) గడిలోని 27లో ఆ 4 త్రీలు కూడా ఉన్నాయి. మీరు వాటిని రెండుసార్లు లెక్కపెట్టారు. 27ను రెండుతో గుణించండి, 54. ప్రతి త్రీకి ఒక్క పాయింటే అదనం కాబట్టి 4 కలపండి. తర్వాత ఫ్రీ త్రోలు 25. మొత్తం 83. సెల్టిక్స్‌కు 58, 6, 15 కలిపితే 79. ఏ పట్టిక చేతికొచ్చినా ముందు ఈ కూడిక చేసి చూడండి, అచ్చుతప్పులు ఇక్కడే దొరికిపోతాయి.

ప్రశ్న: మరి ఆ రోజు కోబీ బాగా ఆడాడా, లేదా?

జవాబు: షాట్ల వరకు ఆడలేదు. 24లో 6, త్రీలు 6 వేస్తే ఒక్కటీ పడలేదు. ఫ్రీ త్రోలు 15లో 11. అన్నీ కలిపి 23 పాయింట్లు. ఫ్రీ త్రోలను కూడా కలుపుకొని గురిని కొలవడానికి ‘ట్రూ షూటింగ్’ అనే లెక్క ఉంది. ఫ్రీ త్రోల సంఖ్యను 0.44తో గుణించి షాట్ల సంఖ్యకు కలపాలి, వచ్చినదాన్ని రెండింతలు చేయాలి, దానితో పాయింట్లను భాగించాలి. చాలా ఫ్రీ త్రోలు జంటగా వస్తాయి, కొన్ని పడిన షాట్‌కు తోడుగా ఒక్కటే వస్తాయి, అందుకే సగం కాకుండా 0.44. కోబీకి 15 × 0.44 = 6.6, షాట్లతో కలిపి 30.6, రెండింతలు 61.2. 23ను దానితో భాగిస్తే 37.6 శాతం. ఆ సీజన్‌లో లీగ్ సగటు 54 దగ్గర ఉంది. అయితే రింగుకు దూరంగా, గార్డుగా ఆడుతూ 15 రీబౌండ్లు పట్టాడు. ఆ రోజు అతని ఆటను ఆ గడితోనే తూచాలి. అతని షాట్లు పడనప్పుడు సహ ఆటగాడు రాన్ ఆర్టెస్ట్ 20 పాయింట్లు, 5 స్టీల్స్‌తో (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం) ఆదుకున్నాడు.

ప్రశ్న: 1962 ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో ఇదే లేకర్స్ మీద సెల్టిక్స్ ఆటగాడు బిల్ రసెల్ 40 రీబౌండ్లు పట్టాడంటారు. గాసోల్ 18 దాని ముందు దిగదుడుపేనా?

జవాబు: అంకెలను అలా పక్కపక్కన పెట్టకూడదు. ఆ కాలంలో ఆట వేగం ఎక్కువ, షాట్లు ఎక్కువ, తప్పేవీ ఎక్కువ. ఒక్కో జట్టుకు మ్యాచ్‌కు సగటున 70కి పైగా రీబౌండ్లు వచ్చేవి. 2010 ఏడో మ్యాచ్‌లో రెండు జట్లవీ కలిపితే 93. పైగా 1962 మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళ్లింది (సెల్టిక్స్ 110, లేకర్స్ 107), అంటే ఐదు నిమిషాలు అదనం. అయినా 30 పాయింట్లు, 40 రీబౌండ్లు ఏ కాలంలోనైనా మహా ప్రదర్శనే, సందేహం లేదు.

పాత పట్టికల్లో ఖాళీలుంటాయి. ఎన్‌బీఏలో స్టీల్స్, బ్లాక్స్ (ప్రత్యర్థి షాట్‌ను గాల్లోనే అడ్డుకోవడం), ఆఫెన్సివ్-డిఫెన్సివ్ రీబౌండ్ల విభజన 1973-74 నుంచే నమోదవుతున్నాయి. త్రీ పాయింటర్ 1979-80లో వచ్చింది. కాబట్టి రసెల్ బ్లాక్స్ గడి ఖాళీగా ఉంటే సున్నా అనుకోకండి, ఎవరూ రాయలేదని అర్థం.

ప్రశ్న: ఓడిన జట్టులో ఎవరి పట్టిక గొప్పది?

జవాబు: 1969 ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో లేకర్స్ ఆటగాడు జెర్రీ వెస్ట్‌ది. 42 పాయింట్లు, 13 రీబౌండ్లు, 12 అసిస్ట్‌లు (సహచరుడి షాట్‌కు దారితీసిన పాస్‌లు). సెల్టిక్స్ 108-106తో గెలిచినా, ఆ ఏడే మొదలైన ఫైనల్స్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) బహుమతి వెస్ట్‌కే ఇచ్చారు. ఓడిన జట్టు నుంచి దాన్ని అందుకున్నది ఇప్పటికీ అతనొక్కడే. అదే పట్టికలో లేకర్స్ సెంటర్ చాంబర్లిన్ 27 రీబౌండ్ల పక్కనే ఫ్రీ త్రోలు కూడా చూడండి: 13లో 4. రెండు పాయింట్ల తేడాతో పోయిన మ్యాచ్‌లో తొమ్మిది తప్పాయి.

ప్రశ్న: మా జట్టు మ్యాచ్‌లకు నేనే అంకెలు రాస్తాను. రీబౌండ్లు ఎప్పుడూ తేలవు.

జవాబు: ఇద్దరు కూర్చోండి. ఒకరు బంతి మీద నుంచి చూపు తిప్పకుండా నంబర్లు చెప్పాలి, ఇంకొకరు రాయాలి. తప్పిన షాట్ రాసిన వెంటనే, దాన్ని పట్టినవారి నంబరు పడేదాకా తర్వాతి గడికి వెళ్లకండి. రెండు ఫ్రీ త్రోలలో మొదటిది తప్పితే రీబౌండ్ రాయకూడదు, అప్పటికి బంతి ఆటలో లేదు. బంతి ఎవరూ పట్టకుండా గీత దాటితే ఆటగాడికి కాదు, జట్టు ఖాతాలో వేయండి. మీ లెక్క తేలకపోవడానికి చాలావరకు ఈ రెండే కారణం.